పాత కెమెరాకు కొత్త పట్టీ

కెమెరా కంటే ముందు దాని పట్టీ వచ్చింది. తప్పంతా ఆ పట్టీతోనే మొదలైందని జిలానీ తర్వాత చాలాసార్లు అనుకోబోయాడు కానీ, మెడకు తగిలించుకునే గుడ్డముక్క మీద నేరం మోపడానికి అతని మనసే ఒప్పుకోలేదు.

ప్రొద్దుటూరులో పెళ్లి ఫోటోలు తీసేవాళ్లకు కొదవ లేదు. బంగారం అంగళ్ల వీధిలో రాయి విసిరితే ఎవరో ఒక స్టూడియోవాడికి తగులుతుంది. ఇంతమందిలోనూ జిలానీకి ఒక పేరుంది. పని తెలిసినవాడు, మనిషి మంచివాడు. కాకపోతే చేతికంటే నోరు రెండడుగులు ముందు నడుస్తుంది. కొత్త మిర్రర్‌లెస్ కెమెరా ఒకటి రాబోతోందని తెలిసిన రోజు నుంచి ఆ నోటికి పట్టపగ్గాలు లేకుండా పోయాయి. టీ అంగడి దగ్గర అదే మాట, నమాజు ముగిసి మసీదు మెట్లు దిగుతూ అదే మాట.

"ఇప్పుడు మన దగ్గరుండే కెమెరాల్లో లోపల అద్దం ఉంటాది. ఫోటో తీసినప్పుడల్లా అది టప్పుమని లేచి పడతాది. కొత్తదాంట్లో ఆ అద్దమే ల్యా. చప్పుడు ల్యా. రోంత ఎలుగుంటే చాలు, ఫ్లాష్ కొట్టే పన్ల్యా. పెండ్లికూతురు కన్ను యాడుందో అదే ఎతుక్కుంటాది" అని, దాన్ని తానే కని పెంచినట్టు చెప్పేవాడు.

ఇంట్లో అన్నం ముందర కూర్చున్నా ఫోనులో దాని వీడియోలే. ఎవరో తెల్లటి మనిషి మంచులో నిలబడి ఆ కెమెరాను అటు తిప్పి ఇటు తిప్పి చూపిస్తుంటే, భాష అర్థం కాకపోయినా తలూపుతూ చూసేవాడు.

"మంచులో పనిచేస్తే ఏం గొప్ప? మే నెల్లో ముద్దనూరు రోడ్డు మీద పనిచేస్తే అప్పుడు చెప్పమను" అంది ఆసియా.

ఆసియా అతని భార్య. స్టూడియోలో కంప్యూటరు ముందు కూర్చుని ఆల్బములు తయారుచేసేది ఆమే. జిలానీ తీసినవన్నీ చూసేదీ, పనికిరానివి పారేసేదీ కూడా ఆమే కాబట్టి, మొగుడి గొప్పతనం మీద ఆమెకు భ్రమలు తక్కువ.

ఆమె సరదాకు అన్న మాట జిలానీని లోపల పట్టుకుంది. భయాలు అతనికీ లేకపోలేదు. ఎండకు కాక పుట్టి సరిగ్గా ముహూర్తం వేళకు ఆగిపోతే? పాత లెన్సులు నేరుగా తగలవట, మధ్యలో ఒక రింగు పెట్టాలట, ఆ రింగు మొరాయిస్తే? బ్యాటరీ తొందరగా అయిపోతుందట. ఇవన్నీ కాక ఎవరికీ చెప్పుకోని భయం ఇంకొకటి ఉంది. చప్పుడే లేకపోతే ఫోటో తీశానని జనానికి ఎలా తెలుస్తుంది? నవ్విన మొగం నవ్వినట్టే పెట్టుకుని ఎంతసేపని నిలబడతారు? ఇన్నేళ్లూ ఆ టప్పుమనే చప్పుడే అతని అధికారం. అది పడేదాకా కలెక్టరైనా కదలకుండా నిలబడాల్సిందే.

ఆ అధికారం కింద అందరికంటే ఎక్కువగా నలిగినవాడు త్రివిక్రమరావు.

త్రివిక్రమరావు జమ్మలమడుగులో పురోహితుడు. ఆయన చేయించిన పెళ్లిళ్లలో సగానికి పైగా జిలానీయే ఫోటోలు తీశాడు. ఇద్దరికీ మధ్య ఎప్పుడూ నోటితో అనుకోని ఒక ఏర్పాటు ఉంది. పెళ్లికొడుకు తాళి కట్టేటప్పుడు రెండు ముళ్లు పడనిచ్చి, మూడో ముడి దగ్గర త్రివిక్రమరావు అతని చేతిమీద మెల్లగా చెయ్యి వేసి ఆపుతాడు. తలెత్తి జిలానీని చూస్తాడు. కావలసిన ఫోటో దొరికేదాకా జిలానీ తీసుకుంటాడు, తర్వాత బొటనవేలు ఎత్తి చూపిస్తాడు.

"వచ్చిందా?" అంటాడు ఆయన.

"వచ్చింది సామీ."

అప్పుడు పడుతుంది మూడో ముడి. అంతవరకూ మంత్రాన్ని కూడా ఆయన ఓపిగ్గా సాగదీసేవాడు. అందుకే ఈ చుట్టుపక్కల ఫోటోలవాళ్లందరికీ ఆయనంటే ప్రాణం.

పులివెందులలో ఒక పెళ్లిలో మాత్రం ఆ ఏర్పాటు బెడిసింది. ఫోకస్ కుదరక జిలానీ వేలెత్తడం ఆలస్యమైంది. త్రివిక్రమరావు చెయ్యి పెళ్లికొడుకు చేతిమీద, చూపు జిలానీ మీద, అలాగే నిలబడిపోయాడు. ముందు వరసలో కూర్చున్న పెళ్లికూతురి అవ్వ అలివేలమ్మ అందరికీ వినపడేటట్టు అడిగింది.

"ఏం సామీ, ముహూర్తం పెట్టింది నువ్వా, ఆ ఫోటోలబ్బోడా?"

జనం ఘొల్లున నవ్వారు. త్రివిక్రమరావు కూడా నవ్వాడు. తిరుగు ప్రయాణంలో ఆయన జిలానీ బండి వెనక కూర్చున్నాడు. ముద్దనూరు దాటాక నెమ్మదిగా అన్నాడు.

"జిలానీ, నా బిడ్డ పెండ్లిలో మంటపం కాడ ఒక్క కెమెరా గూడా ఉండకూడదప్పా. ఆ పొద్దు నేను బిడ్డను చూసుకోవల్ల. ఏమనుకోవద్దు."

"ఏమనుకుంటా సామీ" అన్నాడు జిలానీ. కానీ అనుకున్నాడు. బండి నడుపుతున్నంతసేపూ చెవులు కాలుతూనే ఉన్నాయి.

ఆ బిడ్డ అపర్ణ. పులివెందుల సంబంధం కుదిరింది, అబ్బాయి టీచరు. లగ్నపత్రిక రాసుకున్నాక అపర్ణ ప్రొద్దుటూరు వచ్చి నేరుగా స్టూడియోలోకి నడిచింది.

"జిలానీ మామా, నాయన ఫోటోలే వద్దంటాండాడు. తాళి కట్టేది ఒక్కటన్నా ఉండల్ల గదా నాకు. నువ్వు రోంత చెప్పి చూడు. నీ మాటంటే వింటాడు."

జిలానీ మరునాడే జమ్మలమడుగు వెళ్లాడు. తన దగ్గరున్న విద్యంతా చూపించి కొత్త కెమెరా సంగతి చెప్పాడు. అది సరిగ్గా పెళ్లి నెలలోనే వస్తుందన్నాడు. త్రివిక్రమరావు మొగంలో మార్పు లేకపోయేసరికి, కెమెరా మాట వదిలేసి మనసులో మాట చెప్పాడు.

"నేను మంటపం ఎక్కను సామీ. ఆఖరి కుర్చీల ఎనకాల నిలబడతా. చప్పుడుండదు, ఎలుగుండదు, నేనుండేది గూడా మీకు తెలీదు. మీరు మీ బిడ్డను చూసుకోండి. నా పక్కకు చూడొద్దు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని జిలానీ వైపు చూశాడు.

"మాటేనా?"

"మాటే సామీ."

ఇదీ జిలానీ ఇచ్చిన మాట. కెమెరా మీద నమ్మకంతో ఇచ్చాడు. ఆ కెమెరా రాలేదు.

ముందుగా డబ్బు కట్టించుకున్న అంగడివాడు ఈ వారం అన్నాడు, వచ్చే వారం అన్నాడు, స్టాకు బెంగుళూరులోనే ఆగిందన్నాడు. ముందే కట్టినందుకు కానుకగా మాత్రం ఒక పట్టీ ఇచ్చాడు. నల్లటి పట్టీ, దానిమీద ఆ కెమెరా పేరు పెద్ద పెద్ద తెల్ల అక్షరాలతో ఉంది. జిలానీ దాన్ని ఇంటికి తెచ్చి ఊరికే చూద్దామని పాత కెమెరాకు తగిలించాడు. అద్దం ముందు నిలబడి చూసుకున్నాడు. బాగుంది. తీసెయ్యలేదు.

"పోయి ఆయప్పకు నిజం చెప్పు" అంది ఆసియా.

"చెప్తా."

"ఎప్పుడు?"

"చెప్తా అంటాండా గదా."

చెప్పలేదు. చెబితే అయిపోయేది. మహా అయితే త్రివిక్రమరావు, తాళి కట్టేటప్పుడు వద్దు, భోజనాల దగ్గర నాలుగు తీసుకుపో అనేవాడు. అపర్ణ రెండు రోజులు చిన్నబుచ్చుకునేది. జిలానీకి అడ్డం వచ్చింది అది కాదు. ఇన్నాళ్లూ ఊరంతా వాగిన నోటితో 'రాలేదు' అని ఒక్క చిన్న మాట అనాలంటే సిగ్గేసింది. ఆ కాస్త సిగ్గు పడలేకపోయినవాడు తర్వాత ఎంత సిగ్గు మోయాల్సి వచ్చిందో చూడండి.

పెళ్లి జమ్మలమడుగులోనే, ఒక కల్యాణ మంటపంలో. పొద్దున్నే గుమ్మంలో ఎదురొచ్చిన త్రివిక్రమరావు కొత్త పంచలో కొత్త మనిషిలా ఉన్నాడు. ఆ రోజు ఆయన పురోహితుడు కాదు, కన్యాదానం చేసే తండ్రి. మంత్రాలు చెప్పడానికి కడప నుంచి వేరే ఆయన వచ్చాడు. త్రివిక్రమరావు చూపు జిలానీ మెడలోని పట్టీ మీద పడింది. కళ్లజోడు సవరించుకుని ఆ తెల్ల అక్షరాలు కూడబలుక్కుని చదివాడు.

"వచ్చిందా?"

ఇప్పుడైనా చెప్పొచ్చు. జిలానీ నోరు తెరిచాడు.

"వచ్చింది సామీ" అంది ఆ నోరు.

ఆయన సంతోషంగా జిలానీ భుజం తట్టి లోపలికి వెళ్లిపోయాడు. ఆ తట్టిన చోటు జిలానీకి సాయంత్రం దాకా బరువుగానే ఉంది.

ఆఖరి కుర్చీల వెనక ఒక స్తంభం పక్కన నిలబడ్డాడు. చప్పుడు వినపడకుండా కెమెరాకు తువ్వాలు చుట్టాడు. చూసినవాళ్లకు కెమెరాకు జలుబు చేసిందేమో అనిపించేటట్టుంది. ఫ్లాష్ తీసి సంచిలో పడేశాడు. గౌరీపూజ గడిచింది, కన్యాదానం గడిచింది, జీలకర్ర బెల్లం గడిచింది. దూరం నుంచి చీకటి చీకటిగా, మసక మసకగా ఏవో దొరికాయి. ఆసియా సరిచేస్తుందిలే అని సర్దిచెప్పుకున్నాడు.

మంగళసూత్రం పళ్లెంలో చుట్టూ తిరిగొచ్చింది. పెళ్లికొడుకు లేచాడు. అంతే, హాల్లో ఉన్న జనమంతా అక్షింతలు పట్టుకుని లేచి నిలబడ్డారు. చేతుల్లో ఫోన్లు కూడా లేచాయి. జిలానీ కుర్చీ ఎక్కాడు. గట్టిమేళం మోగింది. మొదటి ముడి పడింది. తీశాడు. కెమెరా వెనక తెరమీద చూసుకుంటే, ఎవరిదో అక్షింతల చెయ్యి నిగనిగలాడుతూ ఉంది, దాని వెనక అపర్ణ ఉండాల్సిన చోట ఎర్రటి మసక. రెండో ముడి పడింది. మళ్లీ అదే. ఎదురుగా ఏది కదిలితే దాన్నే పట్టుకుంటోంది ఆ ముసలి కెమెరా.

'తాళి కట్టేది ఒక్కటన్నా ఉండల్ల గదా నాకు' అన్న అపర్ణ మాట గుర్తొచ్చింది.

జిలానీ ఏం చేస్తున్నాడో తెలియకుండానే కుర్చీ దిగాడు, జనాన్ని తోసుకున్నాడు, మంటపం మెట్ల దగ్గరికి ఉరికాడు. ఇన్నేళ్ల అలవాటు గొంతులో నుంచి బయటికి తన్నుకొచ్చింది.

"సామీ, మూడో ముడి. రోంత ఆపండి సామీ."

కడప నుంచి వచ్చిన పురోహితుడికి జిలానీ ఎవరో తెలియదు. ఆయన తలైనా ఎత్తకుండా మంత్రం చదువుతూనే ఉన్నాడు. జిలానీ పిలిచింది ఆయన్ని కాదు. ఎవర్ని పిలిచాడో ఆయనకు వినపడింది. కూతురి పక్కన తడికళ్లతో నిలబడిన త్రివిక్రమరావు చెయ్యి చటుక్కున లేచింది. వెళ్లి అల్లుడి చేతిమీద పడింది. ఆపింది. రెండో చేత్తో కూతురి జడ పక్కకు తీసి, తాను అర అడుగు పక్కకు జరిగి, తలెత్తి జిలానీని చూశాడు.

పెళ్లికొడుకు చేతులు ఆగడం చూసి, ఏదో అపచారం జరిగిందనుకుని భజంత్రీలు వాయిద్యం ఆపేశారు. పురోహితుడి మంత్రం ఆగింది. మంటపమంతా నిశ్శబ్దం. తువ్వాలు ఎక్కడ జారిపోయిందో ఏమో, ఆ నిశ్శబ్దంలో జిలానీ కెమెరా చప్పుడు ఒక్కటే, టప్పు టప్పు టప్పుమని, వంటశాల దాకా వినపడింది.

బొటనవేలు దానంతటదే లేచింది.

"వచ్చిందా?" అన్నాడు త్రివిక్రమరావు.

జవాబు రాకముందే ఆయనకు తెలివొచ్చింది. అల్లుడి చేతిమీద ఉన్న తన చేతిని చూసుకున్నాడు. జిలానీ మెడలోని పట్టీని చూశాడు. చెయ్యి తీసేశాడు. మూడో ముడి పడింది, గట్టిమేళం మళ్లీ మోగింది, అక్షింతలు రాలాయి. ఆయన మాత్రం తలెత్తలేదు. పక్కనే ఉన్న ఆయన భార్య నాగరత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జిలానీ సంచి సర్దుకుని వెనక గుమ్మం వైపు నడిచాడు. ఆ గుమ్మంలో నాగరత్నమ్మ ఎదురైంది.

"అన్నం తినకుండా పోవద్దు జిలానీ" అంది.

నాలుగు తిట్టినా బాగుండేది. విస్తరి ముందు కూర్చుని అతను తిన్నది ఏమిటో అతనికే తెలియదు.

ఇంటికి వచ్చాక ఆసియా ఫోటోలు కంప్యూటరులోకి ఎక్కించింది. మసకవి, వంకరవి, చేతులు అడ్డం పడ్డవి గడిచి, చివరికి ఆ ఫోటో వచ్చింది. ఆ పాత కెమెరా జన్మలో అంత స్పష్టమైన ఫోటో తీయలేదు. అంతా కొట్టొచ్చినట్టు కనపడుతోంది. తాళి, పసుపుతాడు, అల్లుడి వేళ్లు, ఆ వేళ్లమీద తండ్రి చెయ్యి. ఆసియా దాన్ని పెద్దది చేసి చాలాసేపు చూసింది.

"పెండ్లికూతురు నాయన్ను చూస్తాండాది" అంది. కొంచెం ఆగి, "ఆయప్ప బిడ్డను చూడడంల్యా. నిన్ను చూస్తాండాడు."

నిజమే. తండ్రికి ఏమైందో అని అపర్ణ తల తిప్పి ఆయన మొగం వైపు చూస్తోంది. ఆయన కెమెరా వైపు చూస్తున్నాడు. ఆ చూపు జిలానీకి బాగా తెలుసు. సరేనా, ఇంక కట్టించమంటావా అని అడిగే చూపు. ఎన్నో పెళ్లిళ్లలో దాన్ని అతను పట్టించుకోకుండా చూసి, వేలెత్తి, తన పని చూసుకున్నాడు. ఈరోజు దాన్ని చూడలేకపోయాడు. ఇన్నేళ్లూ ఒక పెద్దమనిషిని వేలితో ఆడించానని, చివరికి కన్నకూతురి పెళ్లిలో కూడా ఆయన్ని ఆయనలా ఉండనివ్వలేదని అర్థమై, కుర్చీలో అలాగే కుంగిపోయాడు.

"నాయన భాగం కత్తిరించేయనా? చెయ్యి వరకే పెడితే ఎవరికీ తెలీదు" అంది ఆసియా మెల్లగా.

"వద్దు" అన్నాడు.

అసలు కెమెరా తర్వాతి వారం వచ్చింది. అంగడివాడు పిలిచి చేతిలో పెట్టాడు. జిలానీ ఆ పెట్టెను తెచ్చి స్టూడియో బల్లమీద పెట్టాడే తప్ప విప్పలేదు. ఎన్ని నెలలు కలలుగన్నాడో ఆ పెట్టె కోసం. ఇప్పుడు దానికి వీపు పెట్టి కూర్చుంటున్నాడు. టీ అంగడి దగ్గర కెమెరా వచ్చిందా అని ఎవరైనా అడిగితే, టీ సగంలో వదిలేసి లేచిపోతున్నాడు.

ఆల్బములో పెట్టాల్సిన ఫోటోలు ఏరడానికి త్రివిక్రమరావు ఒక్కడే వచ్చాడు. అపర్ణ పులివెందులలో అత్తగారింట్లో ఉంది, మీరే ఏరండి అని కబురు పెట్టిందట. జిలానీ కుర్చీ వేశాడు, ఆసియా టీ తెప్పించింది. ఒక్కొక్క ఫోటో చూస్తూ చూస్తూ ఆయన ఆ ఫోటో దగ్గర ఆగిపోయాడు. టీ చల్లారిపోయింది.

"నా బిడ్డ పెండ్లిలో గూడా నీ మొగమే చూసినానా జిలానీ?"

ఆ గొంతులో కోపం లేదు. అదే జిలానీకి తట్టుకోలేనిదైంది. వెనక బల్లమీద ఉన్న పెట్టెను తెచ్చి ఆయన ముందు పెట్టాడు. సీలు కూడా విప్పని పెట్టె.

"ఆ పొద్దు నా చేతిలో ఉన్నది పాతది సామీ. కొత్తది ఇదీ. మొన్న వచ్చింది. పట్టీ ఒక్కటే కొత్తది. వచ్చిందని మీకు అబద్ధం చెప్పినా. రాలేదని చెప్పేకి నామోషీ అయింది. కొట్టినా పడతా."

త్రివిక్రమరావు పెట్టె వైపు ఒకసారి చూసి, మళ్లీ తెర వైపు తిరిగాడు.

"నువ్వు అబద్ధమాడింది నిజమేలేప్పా. కానీ చెయ్యి లేపింది నేను గదా. నువ్వు పిలిస్తే కడపాయన లేపలేదే" అన్నాడు. "నీ గొంతు వింటే నా చెయ్యి దానంతటదే లేస్తాది. శానా సిగ్గయింది జిలానీ. ఇంటికి పోయినాక నాగరత్నమ్మ మొగం గూడా చూడలేకపోయినా. ఇట్లాంటి పురోహితుడా ఈయప్ప అని అల్లుడు అనుకునింటాడు."

"సిగ్గు మీకెందుకు సామీ" అన్నాడు జిలానీ. చల్లారిన టీ గ్లాసు తీసి పక్కన పెట్టాడు.

ఇద్దరు మగవాళ్లు ఒకరి మొగం ఒకరు చూసుకోలేక కంప్యూటరు తెరను చూస్తూ కూర్చున్నారు. చివరికి ఆయనే లేచాడు.

"ఆ ఫోటో ఉండనీ. అపర్ణకు తాళి కట్టేది అదొక్కటే గదా ఉండేది" అన్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "చాపాడులో నేను చేయించే పెండ్లి ఒకటుంది. ఫోటోలకు నిన్నే పిలిచినారంట. ఆ కొత్తది తీసుకోనిరా. నువ్వు ఎనకాలే ఉండు. నేను నీ పక్కకు చూడను. ఇద్దరం ఈ అలవాటు మానుకుందాం" అన్నాడు.

చాపాడు పెళ్లికి జిలానీ కొత్త కెమెరాతో వెళ్లాడు. ఆ పట్టీ మాత్రం తగిలించలేదు. ఆఖరి వరస వెనక స్తంభం చాటున నిలబడ్డాడు. ఎండ మండిపోతున్నా కెమెరా ఆగలేదు, బ్యాటరీ అయిపోలేదు, రింగు మొరాయించలేదు. తాను పడ్డ భయాల్లో ఒక్కటీ నిజం కాలేదు. తాళి కట్టే వేళ జనం లేచారు, అక్షింతల చేతులు లేచాయి. ఆ చేతుల సందుల్లోంచి అది పెళ్లికూతురి కన్నును పట్టుకుని వదల్లేదు. మొదటి ముడి, రెండో ముడి. ఎన్ని కావాలంటే అన్ని ఫోటోలు, చప్పుడు లేకుండా, అద్దంలా స్పష్టంగా. పని అయిపోయింది. జిలానీ కెమెరా దించాడు.

మూడో ముడి దగ్గర త్రివిక్రమరావు చెయ్యి వచ్చి పెళ్లికొడుకు చేతిమీద పడింది.

ఆయన తలెత్తాడు. ముందు వరస చూశాడు, మెట్ల దగ్గర చూశాడు. ఎవరూ లేరు. జిలానీ స్తంభానికి ఇంకా దగ్గరగా నక్కాడు. ఆయనకే గుర్తొస్తుంది, కట్టించేస్తాడు అనుకున్నాడు. ఆయన కట్టించలేదు. మంత్రాన్ని సాగదీస్తున్నాడు. ఆయన కళ్లు వరస వెంట వరస వెతుక్కుంటూ వెనక్కి వస్తున్నాయి. పెళ్లికూతురి తల్లి ఆయన వైపు అనుమానంగా చూసింది. భజంత్రీలు వాయిస్తూనే ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు.

జిలానీ స్తంభం చాటు నుంచి బయటికొచ్చాడు. అందరి తలల మీదుగా బొటనవేలు ఎత్తాడు.

ఆయన పెదవులు కదిలాయి. ఏమన్నాడో ఆ మేళంలో వినపడలేదు కానీ, జిలానీ తలూపాడు. మూడో ముడి పడింది.

ఫోటో ఎప్పుడో వచ్చేసిందన్న సంగతి ఆయనకు ఎప్పటికీ చెప్పకూడదని జిలానీ అనుకున్నాడు. ఎత్తిన చెయ్యి దించడానికి కూడా అతనికి సిగ్గేసింది.